తక్కువ ధర కారు టైర్లు కొనవచ్చా? ఇంటి దగ్గర వేసుకునే లెక్క నుంచి బిగించిన తరువాతి 500 కి.మీ. వరకు

నాలుగు టైర్లూ ఒకేసారి మార్చవలసి వస్తే చిన్న కారుకైనా ఇరవై వేల దాకా లెక్క తేలుతుంది. సరిగ్గా అప్పుడే దుకాణదారుడు పక్క వరుసలోంచి ఇంకో టైరు తీసి, "ఇదీ అదే సైజు సార్, ఒక్కోదాని మీద పద్నాలుగు వందలు మిగులుతుంది" అంటాడు. ఆ మాటకు అవుననాలో కాదనాలో అక్కడికక్కడ నిలబడి తేల్చుకోవడం కష్టం, ఎందుకంటే జవాబు సగం ఆ టైరులో ఉంటే మిగతా సగం మీరు కారును ఎలా, ఎక్కడ, ఏడాదికి ఎంత దూరం తిప్పుతారన్న దానిలో ఉంటుంది. అందుకే కింది అంచెలను వరుస తప్పకుండా చేయండి. మొదటి ఐదూ దుకాణానికి వెళ్లక ముందే, ఇంటి దగ్గరే పూర్తి కావాలి.

దగ్గర పెట్టుకోవలసినవి:

- డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కనిపించే గాలి పట్టిక స్టిక్కరు ఫోటో, లేదా కారుతో ఇచ్చిన మాన్యువల్
- గత రెండేళ్ల సర్వీసు బిల్లులు (వాటి మీద ఓడోమీటర్ అంకెలు ఉంటాయి)
- గాడి లోతు కొలిచే చిన్న గేజి, లేదంటే మిల్లీమీటర్ల గీతలున్న సన్నని స్కేలు
- సొంత గాలి గేజి
- టార్చి, కెమెరా పనిచేసే ఫోను

## 1. "చౌక" అన్న మాటలో ఉన్న ఐదు రకాలను విడదీయండి

తక్కువ ధర అన్నది ఒక్క రకం సరుకు కాదు. ఒకే అరలో పక్కపక్కనే ఉన్నా ఈ ఐదూ పూర్తిగా వేరు వేరు.

మొదటిది, పేరున్న కంపెనీ తన ఖరీదైన టైర్ల కింద అమ్మే సాధారణ శ్రేణి. ఎంఆర్‌ఎఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, గుడ్‌ఇయర్ వంటి కంపెనీలలో ఒకే సైజుకు రెండు మూడు ధరల టైర్లు దొరకడం మామూలే. చౌక టైరు కొనదలచిన వారు ముందుగా అడగవలసింది దీన్నే.

రెండవది, మనం పేరు వినని బ్రాండు కొత్త టైరు. 2020 జూన్‌లో కేంద్రం కారు టైర్ల దిగుమతిని పరిమిత జాబితాలో పెట్టి లైసెన్సు తప్పనిసరి చేసినప్పటి నుంచి, బయటి దేశాల చౌక టైరు మునుపటిలా ప్రతి వీధిలోనూ దొరకడం లేదు. ఇలాంటిది కనబడితే నాణ్యత కన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆరు నెలల తరువాత టైరు ఉబ్బితే ఎవరి దగ్గరకు వెళ్లాలి?

మూడవది, మంచి కంపెనీదే అయినా గోదాములో ఏళ్లు గడిపిన పాత స్టాకు. నాల్గవది సెకండ్ హ్యాండ్ టైరు. ఐదవది, అరిగిన టైరుకు గాడులు మళ్లీ కోసినదో, పైన కొత్త రబ్బరు అతికించిన రీట్రెడ్డో. లారీలకు రీట్రెడింగ్ పద్ధతిగా సాగే పనే కానీ, కారుకు నాల్గవ, ఐదవ రకాలను నేను ఏ ధరకూ సిఫారసు చేయను. సెకండ్ హ్యాండ్ టైరు లోపల తీగలు ఏ గుంతలో తెగాయో, ఎన్ని రోజులు గాలి లేకుండా నడిచిందో బయటి నుంచి చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రెండు రకాల గురించి, కొంత మూడవ దాని గురించి.

## 2. మీ కారుకు కావలసిన అంకెలు రాసుకోండి

టైరు పక్క గోడ మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకుందాం. 185 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు; 65 అన్నది ఆ వెడల్పులో గోడ ఎత్తు శాతం; ఆర్ అంటే రేడియల్; 15 అన్నది అంగుళాలలో రిమ్ము వ్యాసం. ఇంతవరకు అందరూ చూస్తారు. చౌక టైరు దగ్గర తేడా వచ్చేది మాత్రం చివరి రెండు గుర్తుల్లోనే.

88 అన్నది బరువు సూచిక. ఒక్క టైరు 560 కిలోలు మోయగలదని దాని అర్థం. అదే సైజులో 84 అని ఉంటే మోసేది 500 కిలోలే. నాలుగు టైర్ల మీద 240 కిలోలు తగ్గిందంటే, కారులోంచి నలుగురు మనుషులను దించేసినట్టు. హెచ్ అన్నది వేగ సూచిక: గంటకు 210 కి.మీ. వరకు. టి అంటే 190, ఎస్ అంటే 180. మీరు ఆ వేగంతో ఎన్నడూ వెళ్లకపోవచ్చు. అయినా ఆ అక్షరం టైరు వేడిని ఎంతవరకు తట్టుకోగలదో చెబుతుంది కాబట్టి, మే నెల మధ్యాహ్నం జాతీయ రహదారి మీద నిండు కారుతో వెళ్లేవారికి అది అవసరమైన సంగతే.

సూత్రం ఒక్కటే. మాన్యువల్‌లో ఉన్న బరువు సూచిక కన్నా, వేగ సూచిక కన్నా తక్కువది తీసుకోకూడదు. ఎక్కువది ఉంటే ఇబ్బంది లేదు.

## 3. కిలోమీటరుకు ఎంత పడుతుందో లెక్కవేయండి

ఇక్కడ తొందరపడకండి. కాగితం మీద వేసి చూస్తేనే మీ విషయం తేలుతుంది. కింది ధరలు, మన్నిక అంకెలు లెక్క చూపడానికి నేను అనుకున్నవి. వాటి స్థానంలో మీకు చెప్పిన అంకెలు పెట్టుకోండి.

చౌక టైరు ఒక్కోటి 3,200 రూపాయలు, 25,000 కి.మీ. వస్తుందనుకుందాం. మధ్య శ్రేణి టైరు 4,600 రూపాయలు, 45,000 కి.మీ. నడుస్తుందనుకుందాం. బిగింపు, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చూడటం), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), వాల్వులు కలిపి ఏ సెట్టుకైనా 1,200 రూపాయలు. చౌక సెట్టు మొత్తం 14,000. కిలోమీటరుకు 56 పైసలు. మధ్య సెట్టు మొత్తం 19,600. కిలోమీటరుకు దాదాపు 44 పైసలు.

ఏడాదికి 18,000 కి.మీ. తిరిగేవారికి చౌక సెట్టు మీద ఏడాదికి 10,080 రూపాయలు, మధ్య సెట్టు మీద 7,840 రూపాయలు ఖర్చవుతుంది. వీరికి చౌక టైరే ఖరీదైనది. పైగా పదిహేడు నెలలకు ఒకసారి మళ్లీ దుకాణం ముందు కూర్చోవాలి.

ఇప్పుడు ఏడాదికి 5,000 కి.మీ. మాత్రమే తిప్పే ఇంటి కారు సంగతి చూడండి. మధ్య శ్రేణి టైరు అరిగిపోవాలంటే తొమ్మిదేళ్లు పట్టాలి. కానీ మన ఎండల్లో ఆరేళ్లు దాటిన టైరు గాడులు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడి, గోడల మీద సన్నని చీలికలు తేలుతుంటే దాన్ని నమ్మి దూర ప్రయాణం చేయలేము. ఆరేళ్లకే మార్చేస్తే మధ్య సెట్టు ఏడాదికి 3,267 రూపాయలు పడుతుంది; చౌక సెట్టు ఐదేళ్లలో అరిగి ఏడాదికి 2,800 పడుతుంది. అంటే తక్కువ తిరిగేవారికి చౌక టైరు నిజంగానే చౌక. అయితే మిగిలేది ఏడాదికి 470 రూపాయల లోపే అన్న సంగతి కూడా అదే కాగితం మీద కనబడుతుంది. ఆ 470 కోసం నాలుగో అంచెలో చెప్పేది వదులుకోవాలా అన్నది మీరే చూసుకోవాలి.

ఎన్ని కి.మీ. వస్తుందో ఎవరిని అడగాలి? మీ కారు మోడలే నడిపే క్యాబ్ డ్రైవర్లను అడగండి. మనం మూడేళ్లలో చూసే అరుగుదల వారు ఏడాదిలోపే చూస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: వారు మెచ్చుకునేది ఎక్కువ కాలం నడిచే టైరును. ఎక్కువ కాలం నడవాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి, గట్టి రబ్బరు తడి రోడ్డు మీద తక్కువగా పట్టుకునే అవకాశం ఉంది. రెండూ కలిపి ఇవ్వడానికే ఖరీదైన రబ్బరు మిశ్రమం కావాలి.

ధరల విషయంలో ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత పన్నుతో 5,000 రూపాయలున్న టైరు కొత్త పన్నుతో దాదాపు 4,610 కావాలి. ఎవరైనా పాత ధరల పట్టీ చూపి, అందులోంచి "డిస్కౌంటు" ఇస్తున్నామంటే, ఆ తగ్గింపులో పన్ను వాటా ఎంతో ముందు తీసివేసి చూడండి.

## 4. వర్షంలో బ్రేకు దూరం లెక్కలోకి తెచ్చుకోండి

పైసల లెక్కలో కనబడనిది ఇదే. ఎండిన రోడ్డు మీద, ఊళ్లో, నలభై వేగంతో వెళుతున్నప్పుడు చౌక టైరుకు, మంచి టైరుకు తేడా చాలామందికి తెలియదు. అందుకే "నేను మూడేళ్లు వాడాను, ఏమీ కాలేదు" అన్న మాట నిజమే అయినా దానితో మన ప్రశ్న తీరదు.

గంటకు 80 కి.మీ. వేగంతో తడి రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కనే వెళుతున్నాయని, ఒకే క్షణంలో బ్రేకు వేశాయని అనుకోండి. ఒకదాని టైర్లు రోడ్డును 0.7 ఘర్షణ గుణకంతో (అంకె పెద్దదైతే పట్టు ఎక్కువ), రెండవ దాని టైర్లు 0.55తో పట్టుకున్నాయనుకుంటే, మొదటి కారు 36 మీటర్లలో ఆగుతుంది. రెండవది ఆగడానికి 46 మీటర్లు కావాలి. పది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిన ఆ చోటికి వచ్చేసరికి రెండవ కారు ఇంకా గంటకు 37 కి.మీ. వేగంతో కదులుతూనే ఉంటుంది. ముందున్నది లారీ వెనక భాగమైతే ఆ 37 చాలు.

ప్రతి చౌక టైరూ ఇంత తేడా చూపుతుందని కాదు. తడి పట్టు, దొర్లే నిరోధం, శబ్దం, ఈ మూడింటికీ కనీస హద్దులు పెట్టే ఏఐఎస్-142 ప్రమాణం 2023 నుంచి మన దేశంలో అమ్మే కారు టైర్లకు వర్తిస్తోంది కాబట్టి, పద్ధతిగా అమ్ముతున్న టైరు అడుగు హద్దు దాటే ఉంటుంది. అడుగు హద్దుకూ మంచి టైరుకూ నడుమ ఖాళీ మాత్రం చాలానే ఉంది. ఎగుమతికి కూడా తయారయ్యే కొన్ని నమూనాల గోడ మీద వృత్తంలో ఇ అక్షరం, దాని పక్క అంకెల్లో ఎస్, డబ్ల్యు, ఆర్ అక్షరాలు ఉంటాయి. వాటిలో డబ్ల్యు తడి పట్టు పరీక్షకు గుర్తు. చౌక టైర్లలో ఏదో ఒకటి ఎంచుకోవలసి వస్తే, ఆ గుర్తు ఉన్నదాని వైపు మొగ్గండి.

మీరు తెలంగాణలో ఉంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, కోస్తాలో ఉంటే దానికి తోడు అక్టోబరు నుంచి తుపాన్ల కాలం ముగిసేదాకా తడి రోడ్ల మీదే తిరగాలి. చట్టం అనుమతించే కనీస గాడి లోతు 1.6 మి.మీ.; కొత్త టైరులో అది మామూలుగా 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. లోతు 3 మి.మీ.కు వచ్చిన టైరుతో వానల్లోకి వెళ్లకండి. మృగశిర కార్తెకు ముందే మార్చేయడం మంచిది, ఆ రోజుల్లో దుకాణాల్లో రద్దీ కూడా ఉండదు.

## 5. నిర్ణయం కాగితం మీద రాయండి

కింది నాలుగింటికీ అవునని రాయగలిగితే పేరున్న కంపెనీ చౌక శ్రేణి మీకు సరిపోతుంది:

- ఏడాదికి 8,000 కి.మీ. లోపే తిరుగుతాను
- ఎక్కువగా ఊళ్లోనే, 60 వేగం లోపే నడుపుతాను
- రాత్రి వానలో జాతీయ రహదారి ప్రయాణాలు ఏడాదికి ఒకటి రెండుకు మించవు
- ఆ కంపెనీ అధీకృత డీలరు మా ఊళ్లోనే ఉన్నాడు

కింది వాటిలో ఒక్కదానికి అవునన్నా మధ్య శ్రేణికి వెళ్లండి:

- వారం వారం విజయవాడ-హైదరాబాద్ వంటి దూరం తిరుగుతాను, లేదా 120 వేగం అనుమతి ఉన్న హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు నా రోజువారీ దారి
- కారు తరచుగా ఏడుగురితో, పైన సామానుతో నిండి ఉంటుంది
- శ్రీశైలం, పాడేరు, తిరుమల వంటి ఘాట్ రోడ్ల మీద తరచుగా వెళతాను
- కారుకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు

పేరు వినని బ్రాండు విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినం. పేరున్న కంపెనీ చౌక శ్రేణి కన్నా అది కనీసం పావు వంతు తక్కువ ధరకు రాకపోతే దాని గురించి ఆలోచించడమే అనవసరం. వచ్చినా, వారంటీ ఇచ్చే చిరునామా బిల్లు మీద ఉంటేనే.

చేతిలో డబ్బు తక్కువగా ఉండటమే అసలు కారణమైతే, నాలుగు చౌక టైర్లకు బదులు ఇప్పుడు రెండు మంచివి, నాలుగు నెలలకు ఇంకో రెండు కొనడం మేలు. ఆ రెండూ ఏ వైపు వేయాలన్నది ఎనిమిదవ అంచెలో ఉంది; దాన్ని దాటవేయకండి.

## 6. దుకాణంలో టైరును చేత్తో పట్టుకుని చూడండి

టైరును వెలుతురులోకి తెప్పించండి. రాక్ మీద ఉన్నదాన్ని చూసి సరే అనకండి.

తయారీ తేదీతో మొదలుపెట్టండి. గోడ మీద డీఓటీ అన్న అక్షరాల తరువాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు గుడ్డు ఆకారపు చిన్న గడిలో ఉంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందని అర్థం. చాలా టైర్లకు ఈ నాలుగు అంకెలు ఒక్క వైపే ఉంటాయి. ఒకసారి నేను చూస్తున్న టైరు మీద డీఓటీ వరుస అంకెలు లేకుండానే ఆగిపోయింది. "అవతలి వైపు ఉంటుంది సార్" అంటూనే కుర్రాడు తిప్పడానికి మొహమాటపడ్డాడు. తిప్పి చూస్తే మూడేళ్ల నాటిది. నల్లటి పాలిష్ పూసిన గోడను బొటనవేలితో గట్టిగా రుద్దితే మెరుపు వేలికి అంటుకుని వచ్చింది. అడుగున రబ్బరు బూడిద రంగులో ఉంది, రిమ్ముకు దగ్గరలో వెంట్రుక మందాన రెండు చీలికలు కనిపించాయి. అప్పటి నుంచి ఏ టైరునైనా రెండు వైపులా తిప్పి, వేలితో రుద్ది చూడటం నాకు అలవాటైపోయింది.

ఆరు నెలల లోపుది తీసుకోండి. ఏడాది వరకు పరవాలేదు, కానీ ధర తగ్గించమని అడగండి. రెండేళ్లు దాటితే మంచి కంపెనీదైనా వద్దు. నాలుగు టైర్లకూ నాలుగు తేదీలు చూడాలి. ముందు వరసలో కొత్తవి పెట్టి లోపలి నుంచి పాతవి తెచ్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది.

తరువాత చూడవలసినవి:

- ఐఎస్ఐ ముద్ర, దానితో కారు టైర్ల ప్రమాణం సంఖ్య ఐఎస్ 15633. ఇది తప్పనిసరి, లేకపోతే చర్చ అక్కడితో ముగిసింది
- సైజు, బరువు సూచిక, వేగ సూచిక మీరు రాసుకున్న వాటితో సరిపోతున్నాయా
- ట్యూబ్‌లెస్ అన్న మాట
- రిమ్మును పట్టుకునే లోపలి అంచు ఎక్కడా నలగకుండా, చిట్లకుండా ఉందా
- గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా ఉండే అరుగుదల గట్టులు

చివరిది గాడులు మళ్లీ కోసిన టైరును పట్టిస్తుంది. అసలు టైరులో ఆ గట్టులు గాడి అడుగు నుంచి 1.6 మి.మీ. ఎత్తున నున్నగా, అచ్చులో పోసినట్టు ఉంటాయి. కత్తితో గాడి లోతు చేసిన టైరులో గట్టు మధ్యలో తెగి ఉంటుంది, లేదా అసలే ఉండదు. టార్చి వేసి చూస్తే గాడి అడుగు గరుకుగా, గీతలు గీతలుగా కనిపిస్తుంది. కొత్త టైరుకు ఉండే రబ్బరు వెంట్రుకలను మాత్రం నమ్ముకోకండి. అవి ఉన్నంత మాత్రాన సరుకు తాజాదని కాదు.

తెలిసినవారు కూడా తరచుగా చదవని వరుస ఇంకొకటి ఉంది. చాలా టైర్ల గోడ మీద చిన్న అక్షరాలతో నిర్మాణం రాసి ఉంటుంది: రోడ్డును తాకే భాగంలో ఒక పాలిస్టర్, రెండు స్టీలు, ఒక నైలాన్ పొర అని. ఆ నైలాన్ పొర ఎక్కువ వేగంలో, వేడిలో స్టీలు పట్టీలను బిగించి ఉంచుతుంది. ఒకే ధరలో రెండు చౌక టైర్లు ఉండి ఒకదానికి నైలాన్ పొర ఉంటే దాన్నే తీసుకోండి.

ట్రెడ్‌వేర్ అని ఒక అంకె కూడా కొన్నింటి మీద ఉంటుంది. పెద్ద అంకె ఎక్కువ మన్నికకు సూచన. దాన్ని ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికి వాడండి, రెండు కంపెనీల మధ్య కాదు. ఎవరి పరీక్ష వారు చేసుకుని రాసుకునే అంకె అది.

## 7. డబ్బు ఇచ్చే ముందు బిల్లు సంగతి తేల్చుకోండి

చెప్పిన ధరలో జీఎస్టీ, బిగింపు, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వులు ఉన్నాయో లేదో అడగండి. పాత టైర్లకు ఎంత ఇస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి.

బిల్లు మీద నాలుగు టైర్ల క్రమ సంఖ్యలూ రాయించండి. వారంటీ మామూలుగా తయారీ లోపానికే వర్తిస్తుంది, గుంతలో పడి గోడ కోసుకుపోతే వర్తించదు. లోపం తేలినా మిగిలిన గాడి లోతును బట్టి కొత్త టైరు ధరలో కొంత భాగమే తగ్గిస్తారు. సంఖ్య లేని బిల్లుతో ఆ కొంత భాగం కూడా రాదు. బిల్లు లేకుండా ఇంకో మూడు వందలు తగ్గిస్తామన్న మాటకు లొంగకండి.

## 8. రెండే కొంటే వెనక వేయండి

ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. ఇంజను ముందు, స్టీరింగు ముందు, లాగేది ముందు చక్రాలు; కాబట్టి కొత్తవి ముందే ఉండాలని నేనూ అనుకున్నాను. కొన్నేళ్ల క్రితం రెండు కొత్త టైర్లు కొని, దుకాణదారుడు వెనక వేద్దామన్నా వినకుండా ముందే వేయించాను. ఆ వానాకాలంలో గుంటూరు నుంచి విజయవాడ వెళుతూ, కాజ దాటాక వంపు దగ్గర నీళ్లు నిలిచిన చోట బ్రేకు తాకించగానే కారు వెనక భాగం పక్కకు జారి, నేను తిప్పకుండానే కారు ఏటవాలుగా నిలబడింది. వెనక ఎవరూ లేకపోవడం వల్ల బతికిపోయాం. ముందు టైర్లు బాగా పట్టుకున్నాయి, అరిగిన వెనక టైర్లు నీటి మీద తేలాయి, జరిగింది అంతే.

ముందు చక్రాలు జారితే వేగం తగ్గించగానే చాలావరకు దారిలోకి వస్తాయి. వెనక చక్రాలు జారితే సామాన్య డ్రైవరు కారును నిలబెట్టలేడు. అందుకే ఎక్కువ గాడి లోతు ఉన్న జత ఎప్పుడూ వెనకే. ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు నమూనాల టైర్లు మాత్రం వేయకండి.

## 9. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

టీ తాగి వస్తామని వెళ్లిపోకండి. అరగంట పని.

- టైరు గోడ మీద "బయటి వైపు" గుర్తు ఉంటే అది బయటికే, తిరిగే దిక్కు బాణం ఉంటే ముందుకే ఉండాలి
- పసుపు చుక్క ఉంటే సాధారణంగా అది వాల్వు పక్కకు రావాలి. టైరులో తేలికైన చోటు అది
- పాత రబ్బరు వాల్వు తీసి కొత్తది వేయాలి
- బ్యాలెన్సింగ్ యంత్రం మీద రెండు వైపులా సున్నా వచ్చేదాకా చూడాలి. ఒకే చక్రానికి సీసం ముక్కలు మీద ముక్కలు అతికించవలసి వస్తే, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నించమనండి. అయినా తగ్గకపోతే ఆ టైరు మార్చమనండి
- నట్లు ఎదురెదురుగా, వంతులవారీగా బిగించాలి. చివరి బిగింపు టార్కు రెంచితో (బిగువు ఎంతో కొలిచే రెంచి) చేయించాలి
- గాలి స్టిక్కరు మీద ఉన్నంతే, మీ గేజితో మీరే చూసుకోవాలి

అలైన్‌మెంట్ చేయించి, ముందు-తరువాత అంకెలున్న కాగితం తీసుకోండి. చౌక టైరు త్వరగా అరిగిందన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం టైరు కాదు, అలైన్‌మెంటే.

## 10. మొదటి 500 కి.మీ.

కొత్త టైరు ఉపరితలం మీద అచ్చులోంచి ఊడిరావడానికి వాడిన జారుడు పదార్థం జాడలు మిగిలి ఉంటాయి. మొదటి 300 కి.మీ. వరకు గట్టి బ్రేకులు, వేగపు వంపులు వద్దు, ముఖ్యంగా వానలో. 50 నుంచి 100 కి.మీ. మధ్య ఒకసారి నట్ల బిగింపు చూపించండి. గాలిని ప్రతి పదిహేను రోజులకు, ఉదయం కారు కదలక ముందు కొలవండి. ఎండలో ప్రయాణించి ఆగినప్పుడు గాలి నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపించడం సహజం; అది చూసి గాలి తీయించకండి. వేసవిలో టైరు పేలడానికి ఎక్కువ గాలి కన్నా తక్కువ గాలి, నిండు బరువు, వేగం మూడూ కలవడమే పెద్ద కారణం.

## 11. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారులు

80 వేగం దగ్గర స్టీరింగు అదురుతోంది. ముందు బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించండి. తగ్గకపోతే ముందు చక్రాలు వెనకకు, వెనకవి ముందుకు మార్చి చూడండి. అదురు స్టీరింగు నుంచి సీటు కిందికి మారితే లోపం ఆ జత టైర్లలోనో రిమ్ములోనో ఉంది. యంత్రం మీద తిప్పుతూ పక్క నుంచి చూస్తే గుండ్రం తప్పిన టైరు పైకీ కిందికీ ఆడుతూ కనిపిస్తుంది. దాన్ని వీడియో తీసి వారంటీ అడగండి.

కారు ఒక వైపుకు లాగుతోంది. అలైన్‌మెంట్ కాగితం సరిగానే ఉంటే ముందు రెండు టైర్లను ఎడమ కుడులు మార్చి చూడండి (తిరిగే దిక్కు బాణం ఉన్నవి తప్ప). లాగుడు దిక్కు మారితే టైరుదే తప్పు.

గోడ మీద ఉబ్బు వచ్చింది. లోపలి దారాలు తెగాయి. పంక్చర్ షాపులో దీనికి వైద్యం లేదు. స్టెప్నీ వేసుకుని మెల్లగా దుకాణానికి వెళ్లండి.

గోడకు మేకు దిగింది, ప్లగ్ వేస్తామంటున్నారు. ఒప్పుకోకండి. రోడ్డును తాకే భాగంలో 6 మి.మీ. లోపు రంధ్రానికే మరమ్మతు, గోడకు కాదు.

చౌకగా వస్తోందని సైజు మార్చారు. 165 వెడల్పు బదులు 155 వేస్తే బరువు సూచిక, స్పీడోమీటర్ లెక్క రెండూ తప్పుతాయి. తిరిగి ఇచ్చేయడానికి వీలు ఉన్నప్పుడే, అంటే బిగించక ముందే పట్టుకోవలసిన తప్పు ఇది. బిగించాక దుకాణం దాన్ని కొత్త టైరుగా వెనక్కి తీసుకోదు.

నాలుగు కొత్తవి వేసి స్టెప్నీని మరిచారు. దాని తేదీ కూడా చదవండి. పదేళ్ల కారులో పదేళ్ల స్టెప్నీ ఉంటే, గాడులు కొత్తవిగా మెరుస్తున్నా అది టైరు దుకాణం దాకా నెమ్మదిగా చేరడానికి మాత్రమే పనికొస్తుంది. తీసేసిన నాలుగింటిలో ఉబ్బులు, చీలికలు లేకుండా, తేదీ కొత్తగా, గాడి లోతు ఎక్కువగా ఉన్నదాన్ని పాత టైర్ల కింద అమ్మేయకుండా స్టెప్నీ రిమ్ముకు ఎక్కించమనండి. పని అక్కడే, అదే యంత్రం మీద అయిపోతుంది.